గట్టా, కట్టా, ఆనకట్టా? ప్రజలు గీసే పటాల్లో వరద నిర్మాణాలు

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కోసీ నది తూర్పు గట్టు తెగిపోయింది. ఆనాడు నదిలో ప్రవాహం సుమారు 1.44 లక్షల క్యూసెక్కులు మాత్రమే. కోసీ పథకాన్ని రూపొందించినప్పుడు ఇంజనీర్లు దృష్టిలో పెట్టుకున్న ప్రవాహం 9.5 లక్షల క్యూసెక్కులు. అంటే, గట్టు తెగినది గొప్ప వరద వచ్చి కాదు. నీరు దక్షిణానికి తిరిగి బీహార్‌లోని సుపౌల్, మధేపురా, అరరియా, పూర్ణియా, సహర్సా జిల్లాల మీదికి వెళ్ళింది. 30 లక్షల మందికి పైగా దెబ్బతిన్నారు. వారిలో చాలామంది అప్పటికి సుమారు ఐదు దశాబ్దాలుగా ప్రభుత్వ లెక్కల ప్రకారం 'రక్షిత ప్రాంతం'లో నివసిస్తున్నవారే.

ఇక్కడ ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. ఆ రోజు తెగినది ఏమిటి? 'డ్యామ్ తెగింది' అని కొందరు, 'బ్యారేజీ తెగింది' అని మరికొందరు అనుకున్నారు. బ్యారేజీ చెక్కు చెదరలేదు. 1962లో పూర్తయిన ఆ 56 గేట్ల కట్టడం, గట్టు తెగిన చోటుకు సుమారు 12 కిలోమీటర్ల దిగువన ఉంది. తెగినది దానికి ఎగువన ఉన్న మట్టికట్ట. బ్యారేజీ అడ్డుపడటం వల్ల ఎగువన నీటిమట్టం పెరుగుతుంది. ఆ పెరిగిన నీరు పక్కలకు పోకుండా కట్టే గట్టును ఇంజనీర్లు 'అఫ్లక్స్ బండ్' అంటారు. దానిని నది కోసివేయకుండా ప్రవాహంలోకి పొడుచుకొని ఉండేట్టు కట్టినవి స్పర్లు. మన గోదావరి మీద వీటినే గ్రోయిన్లు అంటాం. కుసహాలో ముందుగా దెబ్బతిన్నవి ఆ స్పర్లే. ఒకే చోట ఇన్ని రకాల కట్టడాలు, వాటికి ఇన్ని పేర్లు. పటం గీసేవాడు వీటిలో దేనిని ఏమని రాయాలి?

ఈ ప్రశ్న ఒకప్పుడు సర్వే శాఖలదే. ఇప్పుడది మీది కూడా. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తున్నారు. ఉపగ్రహ చిత్రం మీద ఒక గీత గీసి, అది ఏమిటో చెప్పే గుర్తును, అంటే ట్యాగును, దానికి తగిలిస్తారు. 2015 నేపాల్ భూకంపం తరువాత సహాయక బృందాలకు దారి చూపిన పటాల్లో ఇదొకటి. కనుక ట్యాగు తప్పితే అది కేవలం కాగితం మీద తప్పుగా మిగిలిపోదు.

వరద కట్టడాలకు ఆ పటంలో కొన్ని ట్యాగులు ఉన్నాయి. నదికి అడ్డంగా నిలిచి నీటిని నిలవచేసేది 'డ్యామ్'. నీరు పైనుంచి పొర్లిపోయేలా తక్కువ ఎత్తులో కట్టిన అడ్డుగోడ 'వియర్'. వరదను ఆపడానికి నది ఒడ్డున సాగిపోయే మట్టికట్ట 'డైక్'. ఇంతవరకు తేలికే. చిక్కంతా 'ఎంబాంక్‌మెంట్' అన్న మాటతో వచ్చింది. ఆ పటంలో ఈ మాటకు అర్థం కృత్రిమంగా ఎత్తుచేసిన నేల వాలు అని మాత్రమే. రైలు కట్టకు పక్కనున్న వాలు కూడా ఎంబాంక్‌మెంటే. అక్కడ గీత గీసే దిశలో కుడిచేతి వైపు పల్లం ఉండాలని నియమం. కాని మన దేశంలో ఏ నీటిపారుదల ఇంజనీరును అడిగినా, ఏ ప్రభుత్వ నివేదిక తీసినా, ఎంబాంక్‌మెంట్ అంటే వరద గట్టే. పాట్నాలోనో కటక్‌లోనో కూర్చున్న విద్యార్థి తన జిల్లా నివేదికను చూసి నిజాయితీగా ఆ మాటే ఎంచుకుంటాడు. అప్పుడు పటంలోని డైకుల పొడవు మాత్రమే లెక్కించే పరిశోధకుడికి ఆ గట్టు కనిపించదు.

ఆ పటంలో ట్యాగులను బ్రిటిష్ ఇంగ్లీషులో రాయాలన్నది ఆనవాయితీ. విచిత్రం ఏమంటే, తూర్పు ఇంగ్లండులోని చిత్తడి ప్రాంతాల్లో డైక్ అంటే మురుగునీరు పారే కాలువ అని కూడా అర్థం. తవ్వితే వచ్చేది గుంత, ఆ మట్టిని పక్కన పోస్తే కట్ట. రెండింటికీ ఒకటే మాట మిగిలిపోయింది. మనమూ తక్కువేం కాదు. చెరువుకు కట్ట, ఏటికి కరకట్ట, నదికి అడ్డంగా ఆనకట్ట. ఆ చివరి మాటకు దగ్గరి తమిళ రూపాన్నే బ్రిటిష్ ఇంజనీర్లు 'అనికట్' అని తమ భాషలోకి తీసుకుపోయారు. ధవళేశ్వరంలో 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట నిజానికి రూపంలో వియర్. హిందీలో 'బాంధ్' అంటే డ్యామూ కావచ్చు, వరద గట్టూ కావచ్చు. నిఘంటువు చూసి అనువదిస్తే కోసీ ఒడ్డున వంద కిలోమీటర్ల పొడవైన డ్యామ్ పుట్టుకొస్తుంది!

పటాలకంటే ముందు ఈ వర్గీకరణ చేసినవి ప్రభుత్వ ఖాతాలు. 1882 బెంగాల్ గట్ల చట్టం ప్రభుత్వ గట్లను మిగిలిన వాటినుంచి వేరుచేసింది. ప్రభుత్వం పోషించే గట్ల జాబితాలు తయారయ్యాయి. జాబితాలో ఉన్న గట్టుకు మరమ్మతు ఉంటుంది, లేని గట్టు జమీందారుదో రైతులదో. జమీందారీలు పోయి దశాబ్దాలు గడిచినా బీహార్‌లో 'జమీందారీ బాంధ్' అన్న మాట పోలేదు. ఒడిశా జలవనరుల శాఖ వర్గీకరణ ఇంకా ఆసక్తికరం. అక్కడ క్యాపిటల్ గట్లు, ఇతర వ్యవసాయ గట్లు, టెస్ట్ రిలీఫ్ గట్లు, సముద్రపు ఉప్పునీటిని ఆపే గట్లు అని విభజన ఉంది. టెస్ట్ రిలీఫ్ అంటే కరువు రోజుల్లో కూలి కల్పించడానికి చేపట్టిన పని. అంటే ఆ పేరు చెప్పేది గట్టు ఎంత గట్టిదో కాదు, ఏ పద్దు కింద కట్టారో. ఉపగ్రహ చిత్రంలో మాత్రం క్యాపిటల్ గట్టూ, టెస్ట్ రిలీఫ్ గట్టూ ఒకేలాంటి గీతలు. ఖాతా పుస్తకం ఆకారాన్ని చెప్పదు, పటం యజమానిని చెప్పదు. చరిత్ర విద్యార్థి రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.

మళ్ళీ కోసీకి వద్దాం. హిమాలయాల నుంచి అపారమైన ఒండ్రు తెచ్చే ఈ నది రెండు శతాబ్దాలకు పైగా కాలంలో వంద కిలోమీటర్లకు మించి పడమరకు జరిగింది. పద్దెనిమిదో శతాబ్దంలో అది పూర్ణియా సమీపాన ప్రవహించేది. జేమ్స్ రెన్నెల్ బెంగాల్ పటాలు గీసిన కాలం అది. ఇలాంటి నదికి గట్లు కట్టవచ్చా అన్నది పెద్ద వివాదం. 1937 నవంబరులో పాట్నాలో జరిగిన వరదల సదస్సులో బీహార్ చీఫ్ ఇంజనీరు కెప్టెన్ జి.ఎఫ్. హాల్ గట్లను గట్టిగా వ్యతిరేకించాడు. గట్లు వరదను ఆపకపోగా కొత్త ప్రమాదాలు తెస్తాయన్నది అతని వాదన. స్వాతంత్ర్యానంతరం నిర్ణయం మారింది. 1954లో నేపాల్‌తో ఒప్పందం, 1955 జనవరిలో గట్ల పని ప్రారంభం.

ఆ పైన జరిగినది లెక్కల్లో చూడండి. 1950ల తొలినాళ్ళలో బీహార్‌లో గట్ల పొడవు సుమారు 160 కిలోమీటర్లు, వరదకు గురయ్యే భూమి 25 లక్షల హెక్టార్లు. 1990ల నాటికి గట్లు 3,400 కిలోమీటర్లు దాటాయి, వరద భూమి 68 లక్షల హెక్టార్లు దాటింది. పెరుగుదల మొత్తం గట్ల వల్లనే అనడం తొందరపాటు అవుతుంది. లెక్కించే పద్ధతి, జనాభా, రోడ్లు, రైలు కట్టలు, అన్నీ కలిసి ఉంటాయి. అయినా గట్టు పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందన్న నమ్మకానికి ఈ అంకెలు ఊతం ఇవ్వవు.

ఇంజనీర్లు గట్టుకు రెండు పక్కలను 'రివర్ సైడ్', 'కంట్రీ సైడ్' అంటారు. కోసీ ప్రజలకు ఆ మాటలు అక్కరలేదు. 'బాంధ్ కే భీతర్', అంటే గట్టు లోపల, 'బాహర్' అంటే వెలుపల. రెండు గట్ల మధ్య దూరం కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించుతుంది. ఆ మధ్యనే సుమారు 380 గ్రామాలు చిక్కుకున్నాయి. వెలుపలివారికి గట్టు రక్షణ, లోపలివారికి అదే గట్టు వరదనీటిని తమమీదికే మళ్ళించే గోడ. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1968 తరువాత అంత నీరు రాలేదు. పడమటి గట్టు దర్భంగా జిల్లాలో తెగింది, కాని అంతకుముందే లోపలి ఊళ్ళు మునిగాయి. అలాంటి రోజుల్లో ఆ ప్రజలు తలదాచుకునేది కూడా గట్టు మీదనే. పటంలో దీనంతటికీ ఉన్నది ఒక్క డైక్ ట్యాగు. దానికి రెండు వైపులా వాలే కాబట్టి గీతను చూస్తే నదివైపు ఏదో, ఊరివైపు ఏదో తెలియదు.

గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. ఏటిగట్ల మధ్య నదిలో ఉన్న లంక గ్రామాలు మనకూ ఉన్నాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరి, డెల్టాలో ఏటిగట్లు తెగినప్పుడు, గట్టు వెలుపలివారు కూడా లంకవాసుల అనుభవం రుచి చూశారు. పైగా మన ఏటిగట్ల మీద చాలాచోట్ల రోడ్డు ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో రోడ్డే ప్రస్ఫుటంగా కనిపిస్తుంది కనుక స్వచ్ఛంద కార్యకర్త రోడ్డు గీసి ఊరుకుంటాడు. కింది గట్టు పటంలో లేకుండా పోతుంది.

మీలో ఎవరైనా ఈ పనికి పూనుకుంటే ముందు గట్టు మీద నడిచి చూడండి. ఏ వైపు నీరు నిలుస్తుందో, తూములు పనిచేస్తున్నాయో పూడిపోయాయో, గతంలో ఎక్కడ గండి పడిందో పెద్దవాళ్ళు చెబుతారు. రోడ్డుకు రోడ్డు గీత, గట్టుకు డైక్ గీత వేరువేరుగా వేయండి. పేరు రాసే చోట నివేదికలోని ఇంగ్లీషు పేరు కాక ఊరివాళ్ళు పిలిచే పేరు రాయండి. పోషించే శాఖ ఏదో రాయడానికి వేరే గడి ఉంది. ఇక గట్ల మధ్య ఉన్న ఊళ్ళు. ఉపగ్రహ చిత్రంలో అవి ఇసుక మేటల మధ్య నాలుగైదు ఇళ్ళ గుంపుల్లా కనిపిస్తాయి. వరద తరువాత చోటు మారుతూ ఉంటాయి. వాటిని ప్రతి ఏడూ మళ్ళీ గీయాలి.