పనస తొన తెచ్చిన తంటా

సత్తెనపల్లి డిపో అయినా మరో డిపో అయినా ఆర్టీసీ డ్రైవరుకు బ్రీత్ ఎనలైజర్ కొత్త కాదు. బండెక్కే ముందు గొట్టం నోట పెట్టుకుని ఊదాలి. మిషను కూసిందంటే ఆ రోజు డ్యూటీ పోవడం ఒక్కటే కాదు, తోటివాళ్ల ముందు పరువూ పోతుంది. చుక్క ముట్టనివాడికి ఆ గతి పడితే? 2025 జులైలో కేరళలో అదే జరిగింది.

పత్తనంతిట్ట జిల్లా పందళం ఆర్టీసీ డిపో. ఒక డ్రైవరు కొట్టారక్కర నుంచి బాగా మగ్గిన పనసపండు తెచ్చాడు. పొద్దున్నే ఆకలి మీద ఉన్నాడేమో, డ్యూటీకి ముందే కొన్ని తొనలు తిన్నాడు. తర్వాత వెళ్లి ఊదాడు. మిషను కూసింది. తాగలేదని మొత్తుకున్నాడు. అతని వెనక మరికొందరు ఊదారు. వాళ్లకూ అదే కూత. అంకె 10 దాకా వెళ్లింది.

రోడ్డు మీద పోలీసు ఆపి ఉంటే 10 పాయింట్లకు కేసే లేదు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితేనే నేరం. కానీ ఆర్టీసీలో లెక్క సున్నా. వందమంది ప్రాణాలు చేతిలో పెట్టుకునే మనిషి విషయంలో ఆ పట్టుదల సబబే, నేను కాదనను. కాకపోతే ఆ సున్నాను కొలిచే మిషనుకు పనసపండుకూ సారాకూ తేడా తెలియదు. ఎదురుగా యంత్రం. దాన్ని కాదనడానికి డ్రైవరుకు ఉన్నది నోరొక్కటే. ఆ నోరే అతని మీద సాక్ష్యం చెబుతోంది.

ఆ డ్రైవరు వెనక్కి తగ్గలేదు. కావాలంటే రక్తం తీసి చూడమన్నాడు. డిపో అధికారులు కూడా మిషను మాటే వేదమని కూర్చోలేదు. సున్నా వచ్చిన ఒక డ్రైవరుకు అవే తొనలు తినిపించి మళ్లీ ఊదించారు. ఈసారి అతనికీ కూసింది! గుట్టు రట్టయింది, డ్రైవర్లు బయటపడ్డారు. ఆ అధికారులకు దండం పెట్టాలి. పై అధికారికి ఒక కాగితం రాసి చేతులు దులుపుకోవడం అంతకంటే తేలిక.

మగ్గిన పనసలో చక్కెర పులిస్తే కాస్త ఆల్కహాలు పుడుతుంది. తిన్న కాసేపటిదాకా అది నోట్లోనే ఉంటుంది. మిషను దాన్ని ఊపిరితిత్తుల్లోంచి, అంటే రక్తంలోంచి వచ్చిందనుకుంటుంది. కొన్ని దగ్గుమందులు, హోమియో చుక్కలు, నోరు పుక్కిలించే మందులూ ఇదే పని చేస్తాయి. నోరు కడిగి పావుగంట ఆగితే ఆ అంకె దిగిపోతుంది. నిజంగా తాగినవాడి అంకె పావుగంటలో దిగదు.

పందళంలో కథ పూటలోనే తేలింది. మన మధిర డిపో డ్రైవరు మాత్రం ఉద్యోగం పోగొట్టుకుని హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. రక్తం, మూత్రం పరీక్షించకుండా ఒక్క బ్రీత్ ఎనలైజర్ కాగితం పట్టుకుని ఉద్యోగం తీసేయడం చెల్లదని 2025లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. అలాంటి పరీక్షలు లేకుండా వాసన, తడబడే నడక చూసి తాగాడనడం కుదరదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ మాట డిపోల దాకా చేరకపోవడం నాకు బాధగా ఉంది.

అలాగని 30 లోపు ఉంటే ఏం చేసినా చెల్లుతుందని ఎవరూ అనుకోవద్దు. అంకె ఎంతైనా బండి ప్రమాదకరంగా నడిపితే 184 సెక్షన్ వేరేగా ఉంది. బీమా సంగతి మరీ కఠినం. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు ప్రమాదానికి గురైంది. ఊపిరి పరీక్ష లేదు, రక్త పరీక్షా లేదు. అయినా మిగతా సాక్ష్యాలతో డ్రైవరు తాగి ఉన్నాడని నిరూపించి బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. లారీ ఓనర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సత్తెనపల్లి మీదుగా గుంటూరు యార్డుకు మిర్చి తోలే లారీ డ్రైవరన్నకూ, మాచర్ల రోడ్డు మీద ఆటో నడిపే తమ్ముడికీ ఒక మాట. తాగితే స్టీరింగ్ ముట్టుకోవద్దు. తాగకపోయినా మిషను కూస్తే గొడవ పడొద్దు, ఊదననీ అనొద్దు. కారణం లేకుండా నిరాకరిస్తే అదే మీ మీద సాక్ష్యమవుతుంది. నోరు కడుక్కుని పావుగంట తర్వాత మళ్లీ ఊదుతానని అడగండి. అప్పటికీ నమ్మకపోతే రక్త పరీక్ష చేయించమనండి, అడిగినట్టు కాగితం మీద రాయించండి. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. జరగకపోతే వదిలిపెట్టాల్సిందేనని 202 సెక్షన్ చెబుతోంది.