రాతిపై లేని సంకోచము

జలంత్రకోట ప్రాంతీయులమైన మాకు శ్రీముఖలింగము సుపరిచితము. అదియే ఒకనాటి కళింగనగరము, తూర్పు గంగరాజుల రాజధాని. ఆ వంశమువాడైన మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్దమున ఉత్కళ తీరమందు కోణార్క సూర్యాలయమును కట్టించెను. దాని గోడలపై కామకేళి బహువిధములుగా, దాపరికము లేక చెక్కబడియున్నది. నాటి జనులెల్లరు అట్లే జీవించిరని మేమనము. దేవాలయమున దానిని చూపుటకు వారు జంకలేదని మాత్రము చెప్పగలము.

1860 నాటి శిక్షాస్మృతి 377వ సెక్షనులో కొన్ని కలయికలను ప్రకృతివిరుద్ధములని, ఇరువురి సమ్మతి యున్నను, నేరములుగా నెంచెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయోజనులు సమ్మతితో ఏకాంతమున చేయునది నేరము కాదని తీర్పు చెప్పెను. చట్టము తొలగినది; ఇరుగుపొరుగుల చూపు ఇంకను తొలగలేదు. ఆ చూపే మన ప్రాచీన సంప్రదాయమని వాదించువారు ముందుగా కోణార్క గోడలను చూచి రావలెను.