సింహగిరి – జలధార

మనము సింహాద్రినాథుని దర్శించుచున్నాము గాని, ఆయన వెలసిన గిరిని ఎంతమాత్రము పరికించుచున్నాము? తూర్పు కనుమలు సముద్రమును సమీపించు చోట, విశాఖపట్టణమునకు ఉత్తరమున నున్న తక్కువ ఎత్తు కొండల వరుస ఇది. ఇచ్చటి శిలను శాస్త్రజ్ఞులు ఖొండలైటు అందురు. అది ఎండకు, వానకు మెత్తబడి పగుళ్లు వారును. చెట్ల వేళ్లు పట్టి యుంచిన మట్టిలో ఇంకిన వాననీరు ఆ పగుళ్లలో నిలిచి, మెల్లగా ఊరి, గంగధారగా, మాధవధారగా వెలువడును. ఈ కొండవాలులలోనే సంపెంగ పూయును. పనస, అనాస పండును.

1098-99 నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసన మిచ్చట కలదు. 13వ శతాబ్దమున తూర్పు గాంగ నరసింహదేవుడు ఆలయమును పునర్నిర్మింపజేసెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు స్వామిని సేవించెను. రాజ్యములు మారినవి, ధార మాత్రము ఆగలేదు.

2002లో పొరుగునున్న కంబాలకొండ అడవిని అభయారణ్యముగా ప్రకటించిరి. అయినను ప్రభుత్వరక్షణ ఒక్కటియే చాలదు. ఆషాఢ పూర్ణిమకు సుమారు 32 కిలోమీటర్లు నడచి మనము చేయు గిరిప్రదక్షిణకు అర్థమేమి? గిరినే దైవముగా నెంచుటయే గదా! అట్టి గిరిపై చెత్త పారవైచి, చెట్టు నరికినచో, ఆ నడకవలన కాళ్లకు శ్రమయే మిగులును. చెట్టు నిలిచిననే ధార నిలుచును. ధారను కాపాడుటయు స్వామి కైంకర్యమే.