18 సంతకాలు: మన పాలమూరు చర్చిల వెనుక కథ



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు చర్చి బోర్డుల మీద 'మెన్నోనైట్ బ్రదరన్' అని కనిపిస్తది. చిన్నప్పటి నుంచి చూస్తున్నం గానీ ఆ మాటకు అర్థం ఏందని మనం అడగలేదు. ఈసారి హాస్టల్‌ల కొందరం కూర్చొని చదివినం.

మెన్నో సైమన్స్ 16వ శతాబ్దపు డచ్ బోధకుడు. ఆయన పేరుతో నడిచిన జనం ఆయుధం పట్టమని దేశాలు మారుతూ చివరికి దక్షిణ రష్యాకు, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌కు చేరిన్రు. అక్కడ భూములు దొరికినయి, కొందరు బాగా కలిగినోళ్లయిన్రు. మెల్లగా భక్తి ఒక అలవాటుగా మిగిలింది. తాగి తిరిగేటోళ్లు కూడా ప్రభువు బల్లలో చెయ్యి పెడుతుంటే పెద్దలు ఏమీ అనలేదు. 1860 జనవరి 6న 18 మంది ఇంటిపెద్దలు ఒక కాగితం మీద సంతకాలు పెట్టి, ఇట్లాంటి సంఘంలో మేము ఉండమన్నరు. అధికారుల నుంచి బెదిరింపులు వచ్చినా వెనక్కి తగ్గలేదు. మెన్నోనైట్ బ్రదరన్ సంఘం అట్ల పుట్టింది.

అయితే ఉజ్జీవం పేరుతో కొన్నేండ్లు అతి కూడా జరిగింది. ఎగురుడు, అరుచుడు, మాకంటే భక్తులు లేరనే గర్వం. 1865 జూన్‌లో వాళ్లే కూర్చొని ఆ తప్పు ఒప్పుకొని దిద్దుకున్నరు. మాకు ఇది 18 సంతకాలంత పెద్ద విషయం అనిపించింది.

అదే సంఘం నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో మన దేశం వచ్చి నల్గొండలో పని మొదలుపెట్టిండు. 1870ల్లో రష్యా సైన్యంలో చేరాలని చట్టం తెస్తే చాలామంది అమెరికా పోయిన్రు. అక్కడి నుంచి 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో చాలా ఏండ్లు ఉన్నడు. 1920లో అక్కడే బైబిల్ స్కూల్ మొదలై, తర్వాత శంషాబాద్ పోయింది. వనపర్తిలో కూడా మిషన్ పెట్టిన్రు. గద్వాల, మహబూబ్‌నగర్ 1937లో బాప్టిస్టు మిషన్ నుంచి వీళ్ల చేతికి వచ్చినయి. అప్పుడు ఇదంతా నిజాం రాజ్యం. గద్వాల, వనపర్తి సంస్థానాలు.

ఇప్పుడు మన సంగతి. పోయిన ఏడు ఫేర్‌వెల్‌కు మా హాస్టల్‌ల మనిషికి 500 వసూలు చేసిన్రు, సగం మందుకే. ఇయ్యనోన్ని 'తండా నుంచి వచ్చిండు, వీనికేం తెల్సు' అన్నరు. ఒక్కడే ఉంటే ఆ మాటకు తల వంచుతడు, పైసలిస్తడు. మేము ఐదుగురం కలిసి ఇయ్యం అన్నం. నవ్విన్రు, నాలుగు రోజులు మాట్లాడలేదు, అంతే. ఆ ఐదుగురిలో ఇద్దరు చర్చికి పోరు, సేవాలాల్ మహారాజ్‌ను కొలుస్తరు. మత్తు వద్దని ఆయన కూడా చెప్పినడు కదా.

మన తాతలు సంతకం రాక వేలిముద్ర వేసిన్రు. చాలా ఇండ్లల్లో మొదటి సంతకం మనదే. బెట్టింగ్ యాప్‌ల, తాగుడు, బైక్ కోసం అమ్మ పేరు మీద అప్పు... వీటికి ఒంటరిగా కాదనుడు కష్టం. 18 మంది కలిసే కాదన్నరు. మీ హాస్టల్‌ల ముగ్గురున్నా చాలు, ఒక్కదగ్గర కూర్చోండి. కానీ తాగే అన్నను చిన్నచూపు చూడొద్దు, 1865 గుర్తు పెట్టుకోండి.