చదువుకునే పెద్ద పిల్లలకు మనోవర్తి: భారతదేశంలో చట్టం నడిచిన దారి

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లల తిండి, బట్ట, చదువు, వైద్యం ఖర్చులకు నెలనెలా ఇంత ఇవ్వాలని కోర్టు నిర్ణయించే మొత్తాన్ని మనోవర్తి లేదా భరణం అంటారు. కోర్టు ఆవరణలో వినిపించే మాట ‘మెయింటెనెన్స్’. చిన్నపిల్లలకు ఇది దక్కాలన్న విషయంలో పెద్దగా పేచీ లేదు. పద్దెనిమిది దాటి ఇంకా కాలేజీలో ఉన్నవారి దగ్గరికి వచ్చేసరికే చట్టం ఇచ్చే జవాబు కాలాన్నిబట్టీ, మతాన్నిబట్టీ, ఆడా మగా అన్నదాన్నిబట్టీ మారుతూ వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దపు చట్టాల్లో వయసు లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. 1869 నాటి విడాకుల చట్టం భారతీయ తండ్రుల కొడుకులను 16 ఏళ్ల వరకు, కూతుళ్లను 13 ఏళ్ల వరకు మాత్రమే మైనర్లుగా చూసింది. మిగతావారి పిల్లలకు, పెళ్లి కాకపోతే, 18 దాకా గడువిచ్చింది. ఆ వివక్షకు వివరణ అక్కర్లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం సాధారణంగా 18 ఏళ్లను హద్దుగా పెట్టింది. కోర్టు గార్డియన్‌ను నియమించినవారికి మాత్రం అది 21గా ఉండేది. 1999 సవరణతో ఆ తేడా పోయి అందరికీ 18 అయింది.

2024 దాకా మనోవర్తికి అసలు ఆధారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. సివిల్ దావా వేసి ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా, మేజిస్ట్రేటు ముందు అర్జీ పెట్టుకుని త్వరగా పోషణ రాబట్టుకునే మార్గం అది. 1898 కోడ్‌లోని 488వ సెక్షన్ ‘తనను తాను పోషించుకోలేని సంతానం’ అన్నదే తప్ప ఏ వయసూ చెప్పలేదు. 1969లో సుప్రీంకోర్టు దీన్ని తేటతెల్లం చేసింది: సంతానం అంటే మైనర్లే కానక్కర్లేదు, కొడుకైనా కూతురైనా సొంతంగా బతకలేని స్థితిలో ఉన్నారా లేదా అన్నదే చూడాలి. అవసరాన్నే కొలబద్దగా తీసుకున్న ఆ తీర్పు, ఇంకా సంపాదన మొదలుకాని విద్యార్థికి కూడా తలుపు తెరిచిపెట్టింది.

ఆ తలుపు ఎంతోకాలం తెరిచి లేదు. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 1973 కోడ్, 125వ సెక్షన్‌లో ‘మైనర్’ అన్న మాట చేర్చింది. మేజరైన పిల్లలకు శారీరక, మానసిక వైకల్యం లేదా గాయం వల్ల సంపాదించలేని పరిస్థితి ఉంటేనే మనోవర్తి. బుద్ధిగా చదువుకుంటున్న ఆరోగ్యవంతుడైన యువకుడికి అందులో చోటు లేదు. కొత్త కోడ్ ఎన్నో విషయాల్లో మెరుగే కానీ, ఇక్కడ మాత్రం పాతదానికంటే వెనక్కి వెళ్లిందని చెప్పక తప్పదు. 1955లో 500 రూపాయలకు పెంచిన నెలవారీ గరిష్ఠ పరిమితిని కూడా అలాగే ఉంచింది. దాన్ని 2001లో గానీ ఎత్తివేయలేదు.

హిందూ కుటుంబాల కూతుళ్లకు ఇంకో దారి ఉంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 20వ సెక్షన్ పెళ్లికాని కూతురు తన సంపాదనతోనో ఆస్తితోనో బతకలేకపోతే మేజరయ్యాక కూడా ఆమెను పోషించే బాధ్యతను తల్లిదండ్రులిద్దరిపైనా పెట్టింది. ఆ చట్టం మనోవర్తి నిర్వచనంలోనే చదువును చేర్చింది. ముస్లిం తండ్రులూ 125వ సెక్షన్ కింద పిల్లలను పోషించాల్సిందేనని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 సెప్టెంబరులో హర్యానాకు చెందిన ఒక యువతి కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రెండు చట్టాల మధ్య గీత గీసింది: వైకల్యం లేని మేజర్ కూతురికి 125 కింద హక్కు లేదు, 1956 చట్టం కింద మాత్రం ఉంది, దానికోసం ఆమె వేరుగా అడగాలి. ఆమె హక్కుకు ఆధారం పెళ్లికాకపోవడమే తప్ప చదువు కాదు. అందుకే అలాంటి యువతికి మేజరైన తమ్ముడు ఉండి కాలేజీలో చదువుతున్నా అతనికి ఈ దారి లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లోటు ఎక్కడ తగులుతుందో తేలిగ్గానే చూడవచ్చు. పది పాసైన పిల్లలు ఇంటర్‌లో చేరి, ఎంట్రన్స్ కోచింగ్ ముగించేసరికి పద్దెనిమిది నిండుతాయి. ‘మేజరయ్యేవరకు’ అని రాసిన ఆర్డరు సరిగ్గా బీటెక్ మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ అడ్వాన్సు కట్టాల్సిన వేళ ముగిసిపోతుంది. అక్కడి నుంచి బీటెక్‌కు నాలుగేళ్లు, ఎంబీబీఎస్ అయితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్లు. ఆ ఖర్చంతా పిల్లలు ఎవరి దగ్గరుంటే వాళ్లమీదే పడుతుంది. చాలా ఇళ్లలో అది తల్లే.

చట్టం వదిలేసిన ఈ ఖాళీని ఇటీవలి తీర్పులు కొంత పూడ్చాయి. 2020 నవంబరులో సుప్రీంకోర్టు మనోవర్తి కేసులన్నిటికీ మార్గదర్శకాలిస్తూ, ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, పిల్లల చదువు ఖర్చులు అఫిడవిట్‌లో చూపాలంది. కోచింగు, వృత్తి శిక్షణల ఖర్చునూ లెక్కలోకి తీసుకోమంది. చదువు ఖర్చు మామూలుగా తండ్రే భరించాలని, తల్లికీ తగిన సంపాదన ఉంటే దామాషాలో పంచుకోవచ్చని చెప్పింది. 2021 మార్చిలో, ఈ రోజుల్లో పద్దెనిమిదేళ్లకు ఆపేస్తే సరిపోదంటూ కొడుకు మొదటి డిగ్రీ పూర్తయ్యేవరకు పోషించమని కర్ణాటకకు చెందిన ఒక తండ్రిని ఆదేశించింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు మరో ఉపాయం కనిపెట్టింది. కొడుక్కి నేరుగా ఇవ్వలేకపోయినా, అతని ఖర్చు మోస్తున్న తల్లికి, అతను గ్రాడ్యుయేషన్ ముగించేవరకో సంపాదించడం మొదలుపెట్టేవరకో నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలంది. 2025 జనవరిలో, ఐర్లండ్‌లో చదివిన కూతురు తండ్రి ఇచ్చిన 43 లక్షలు వెనక్కి ఇస్తానన్న కేసులో, తల్లిదండ్రుల నుంచి చదువు ఖర్చు పొందడం కూతురి హక్కని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

2024 జులై 1న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, 125కు బదులు 144వ సెక్షన్ తెచ్చినా, మేజర్ పిల్లల విషయంలో పాత మాటలనే ఉంచింది. కాబట్టి మేజర్ కొడుకు చదువు ఇప్పటికీ న్యాయమూర్తుల వివేచన మీదే ఆధారపడి ఉంది. పరస్పర అంగీకారంతో విడిపోయేవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది: రాజీ పత్రంలో ‘మేజరయ్యేవరకు’ బదులు ‘డిగ్రీ పూర్తయ్యేవరకు’ అని రాసుకోవచ్చు. కాలేజీ ఫీజు, హాస్టలు, పుస్తకాలు ఎవరు ఏ నెలలో కట్టాలో కూడా అందులోనే చేర్చవచ్చు.