రాళ్లపల్లి పరిగె

శెనక్కాయ పెరికిన చేన్లలో మా పక్క ఇంకో చిన్న పంట ఉంటుంది. రైతు కట్టె ఎత్తుకొని పోయాక, ఊడలు తెగి మట్టిలోనే నిలిచిపోయిన కాయల కోసం ఆడవాళ్లూ పిల్లలూ సాళ్లలో కూర్చుని నేల గీరుతారు. దాన్నే పరిగె ఏరడం అంటాం. ఒకసారి అట్లా ఏరుతున్న ఒక అవ్వను "ఇంకా ఏముందవ్వా ఈ చేన్లో?" అని అడిగితే, తల ఎత్తకుండానే "నిలబడి సూస్తే ఏముంటాది నాయనా, కూసుంటే కదా కనపడేది" అనింది.

మా కంబదూరు పక్కన రాళ్లపల్లిలో పుట్టిన ఒక పండితుడి సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఈ మాటే గుర్తుకొస్తుంది.

ఊరి పేరులోనే నేల గుణం ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా మాది. దేశంలో వాన తక్కువలో జైసల్మేరు తర్వాత మనమే అని బడిలో అయ్యవార్లు చెప్తుంటే, లెక్క ఎంత నిజమో గానీ, వింటూ పెరిగాం. అట్లాంటి చోట 1893 జనవరి 23న అనంతకృష్ణశర్మ పుట్టారు. తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. ఇంటిపేరు కర్నమడకల అయినా లోకానికి ఆయన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మే. ఊరు వదిలిన మనిషి ఊరి పేరును మాత్రం జీవితాంతం వెంట పెట్టుకొని తిరిగారు.

మా పల్లెల నుంచి జనం కన్నడదేశానికి బతకబోవడం ఈనాటిది కాదు. ఇప్పుడు బెంగళూరుకు కట్టడం పనులకు పోతున్నారు, ఆయన చదువు కోసం మైసూరు పోయారు. అక్కడ పరకాల మఠంలో సంస్కృతం చదివారు. బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చారు. కట్టమంచి రామలింగారెడ్డి కంట పడ్డారు. తెలుగు విమర్శకు కొత్త దారి వేసిన ఆ కట్టమంచే ఈ కుర్రపండితుణ్ణి 1912లో మహారాజా కళాశాలలో తెలుగు చెప్పడానికి కుదిర్చారు. అప్పటికి శర్మగారికి నిండా ఇరవై ఏళ్లు లేవు. 1949 దాకా, ముప్పై ఏడేళ్లు, ఆ కన్నడ రాజధానిలో తెలుగు పాఠం చెప్పారు.

ఉద్యోగం మైసూరులో అయినా, ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి మన అనంతపురంలోనే జరిగింది. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తరఫున ఇక్కడ వేమన మీద వరుసగా ఉపన్యాసాలిచ్చారు. తర్వాత అవి పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'దత్తమండలం' అనే పేరు తీసేసి 'రాయలసీమ' అందామన్నారు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేసినప్పటినుంచి నెత్తిన మోస్తున్న పేరు అది. సీమ తన పేరు తాను వెతుక్కుంటున్న ఏడాదే, సీమ కవిని శర్మగారు సీమ నడిబొడ్డున నిలబెట్టారన్నమాట. వేమన సమాధి ఉందని జనం నమ్మే కటారుపల్లి కదిరి పక్కనే. గుడ్డిదీపం కింద పలక పట్టిన పిల్లవాడి దగ్గర్నుంచి అందరి నోళ్లలోనూ వేమన ఉన్నాడు. పండితుల లెక్కలో మాత్రం కవి కాడు. 1829లోనే ఆ పద్యాలు అచ్చు వేయించిన బ్రౌను దొరకు ఉన్నపాటి పట్టింపు కూడా మనవాళ్లకు లేదు. అట్లాంటిది, మఠంలో సంస్కృతం చదివిన వైష్ణవ పండితుడు వేమన దగ్గర కూర్చున్నాడు. వేమన నీతులతోనే సరిపెట్టుకోకుండా హాస్యం, వెటకారం, కోపం, మాట విరుపు అన్నీ చూశాడు. వేమనను సాధువుగా మొక్కి వదిలేయకుండా కవిగా చదివాడు.

'నిగమశర్మ అక్క' అనే వ్యాసం ఇంకా చిత్రం. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ కథ అందరికీ తెలుసు. చదువుకొని చెడిన బ్రాహ్మడు, ఆస్తి తగలేశాడు. వాణ్ణి దారికి తెద్దామని పిల్లల్ని వెంటబెట్టుకొని పుట్టింటికి వస్తుంది అక్క. తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని బుద్ధులు చెబుతుంది. వాడు బాగుపడ్డట్టే నటించి, ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకొని పరారవుతాడు. తెల్లారి ఇల్లంతా ఏడుపు. కొత్తగా చేయించుకున్న ముక్కర కోసం అక్క గుండెలు బాదుకుంటుంది. కథలో ఆమె పని అంతటితో సరి. కవి ఆమెకు కనీసం పేరు కూడా పెట్టలేదు. పండితులు అలంకారాలు లెక్కపెట్టుకుంటూ ఆమెను దాటిపోతే, శర్మగారు ఆమె దగ్గర ఆగారు. తమ్ముడి మీద ప్రేమ, పుట్టింటి పరువు మీద దిగులు, ముక్కర మీద మమకారం, మూడూ ఒకే ఆడమనిషిలో ఎట్లా ఇమిడాయో విప్పి చెప్పారు. ఇట్లాంటి అక్క మా ఊళ్లో ఇంటికొకరు ఉంటారు. కావ్యంలో కూడా ఉందని మాకు చూపించింది ఆయనే.

హాలుడి గాథాసప్తశతిని ఎంచుకున్నదీ ఇదే చూపుతోనని నాకనిపిస్తుంది. ప్రాకృతంలో పల్లె మనుషుల వలపులు, అలకలు, చేను కాపలాలు చెప్పే ఆ చిన్న గాథల్లోంచి ఏరి 'శాలివాహన గాథాసప్తశతీ సారము'గా తెలుగు చేశారు.

మైసూరు కొలువు ముగిశాక ఆయన పరిగె తిరుపతిలో సాగింది. తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద శతాబ్దాల పాటు గుడిలో పడి ఉన్నాయి. వాటిని వెలికి తెచ్చే పని చేస్తున్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కన్నుమూశారు. ఆ పరిష్కరణ భారం శర్మగారు ఎత్తుకున్నారు. రేకు మీద పాట ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది, అంతే. స్వరం లేదు, ఎట్లా పాడారో చెప్పేవాళ్లు లేరు. మాటను చెవితో చదివే మనిషి గనక, పాట భావం ఏ నడక అడుగుతుందో చూసి వందకు పైగా సంకీర్తనలకు స్వరం కట్టారు. విమర్శకుడూ గాయకుడూ ఒకే మనిషి కావడం అన్నమయ్యకు కలిసొచ్చింది. 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. తెలుగు పంతులుకు అది దక్కడం మామూలు సంగతి కాదు.

1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసుడిగా సత్కరించింది. ఆ రోజే బెంగళూరులో ఆయన కన్నుమూశారు.

ఆయన పుట్టిన ఊరు చూడాలనుకునేవాళ్లు కళ్యాణదుర్గం నుంచి కంబదూరు మీదుగా రావచ్చు. రండి, మజ్జిగ ఇస్తాం. వచ్చేముందు 'నిగమశర్మ అక్క' ఒకసారి చదవండి. చదివాక పాండురంగ మాహాత్మ్యం తెరిచి ఆ అక్క ఎక్కడుందో వెతకండి. కాస్త చోటే, తొందరపడితే దాటిపోతారు. కూర్చుని చదవండి.