రంగం పోయినవారి పర్మిట్లు

రంగూనును మన పెద్దలు రంగమనియే పిలిచేవారు. గోపాలపురం మొదలు కాకినాడ వరకు గల రేవులలో స్టీమరెక్కి, తాతగారో తాతగారి తమ్ముడో రంగం పోయినారన్న మాట వినని ఇల్లు మన బరంపురం, గంజాం తెలుగు కుటుంబాలలో తక్కువ. వారు పడిన పాట్లు అందరూ చెప్పుకొనేవే. వారిని ఒకనాడు ఊరివారినిగాను, మరునాడు పరదేశులనుగాను చేసిన కాగితముల కథ మాత్రము అంతగా వినబడదు.

1937 ఏప్రిలు 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే. పాసుపోర్టు లేదు, పర్మిట్టు లేదు, డెక్కు టిక్కెట్టు ఉంటే చాలు. ఆ సొమ్ము కూడ మేస్త్రీ బయానాగా ఇచ్చి, తరువాత కూలిలో పట్టుకొనేవాడు. కోరంగి రేవు పేరున అక్కడివారు మనవారిని కోరంగీలనేవారు. బియ్యపు మిల్లులు, రేవులో బస్తాల మోత, సంపాను పడవలు, రిక్షాలు, అన్నిటా మనవారే. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణములో సగముకు పైగా భారతీయులే.

1930 మే నెలలో మన రేవు కూలీలు సమ్మె చేయగా వారి స్థానమున బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు. దొమ్మీ లేచి మనవారు పెక్కుమంది చనిపోయిరి. ఇద్దరు పేదల కడుపులకు పోటీ పెట్టినవారిదే ఆ పాపమని మా అభిప్రాయము.

1938లో మరల దొమ్మీలు జరిగిన పిమ్మట వలసలపై బాక్‌స్టరు దొర విచారణ జరిపెను. 1941 జూన్‌లో ఇండియా, బర్మా ప్రభుత్వములకు ఒప్పందము కుదిరినది. గడువు లేకుండ ఉండి పని చేసికొనుటకు ‘ఎ’ పర్మిట్టు, మూడేండ్లకు మించకుండ ‘బి’ పర్మిట్టు. కూలివానికి దక్కేది ఏదో వేరే చెప్పనక్కరలేదు. గాంధీగారు ఈ ఒప్పందమును గట్టిగా ఖండించిరి. అది సరిగా అమలుకు రాకముందే, ఆ డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై పడినవి. లక్షలమంది అరకాను, మణిపురం అడవుల దారిని కాలినడకన బయలుదేరిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి.

యుద్ధము ముగిసి తిరిగి పోదామనుకొన్నవారికి 1947 వలస చట్టము అడ్డు వచ్చినది. వీసా గాని, ప్రవేశపు పర్మిట్టు గాని లేనిదే దిగనీయరు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. పౌరసత్వము కోరుకొనే భారతీయుడు ఆ తేదీకి గాని, 1942 జనవరి 1కి గాని ముందున్న 10 ఏండ్లలో 8 ఏండ్లు బర్మాలో నివసించి యుండవలెను. యుద్ధమునకు పారిపోయి వచ్చినవానికి కూడ దారి విడిచిన నిబంధన గనుక చూచుటకు న్యాయముగానే ఉన్నది. చిక్కంతా లెక్కలో ఉన్నది. ఏటా 4 నెలలు ఇంటికి వచ్చిపోయే కూలీని తీసికొనుడు. పదేండ్లలో అతడు అక్కడ ఉన్నది 80 నెలలు. కావలసినది 96. అక్కడ గడిపిన నెలలనే లెక్కించినచో, పదేండ్లు ఒళ్లు వంచినా 16 నెలలు తక్కువే! లెక్క సరిపోయినవానికైనా రుజువేది? మా రైల్వేలో గ్యాంగు మనిషికి మస్టరు రోలులో పేరుంటుంది. మేస్త్రీ చిట్టాలో ముఠా పద్దు ఉంటుంది. ఆ చిట్టా కూడ అడవిదారిలో పోయెను. ఒక రెసిడెన్సు సర్టిఫికెట్టు కోసము పిల్లవాని చేయి పట్టుకొని తహశీల్దారు కచేరీ చుట్టూ తిరిగిన మనకు, ఈ బాధ వేరొకరు చెప్పనక్కరలేదు.

పౌరసత్వము దొరకనివారు, కోరనివారు విదేశీయుల రిజిస్ట్రేషను కార్డుతో కాలము గడిపిరి. కొందరికి అక్కడే పెండ్లిండ్లయి, పిల్లలు బర్మా బడులలో చదువుకొనిరి. 1962లో నీ విన్ సైన్యముతో అధికారము పట్టెను. 1964లో దుకాణములు జాతీయమైనవి. మే నెలలో 50, 100 చట్ల నోట్లు చెల్లవనిరి. అప్పుడు మనవారు మరల ఓడ ఎక్కిరి. తిరిగి వచ్చుటకు గూడ, తాము భారతీయులమని రంగూనులోని మన రాయబార కార్యాలయమునుండి కాగితము పొందవలసి వచ్చినది. విశాఖలోని బర్మా క్యాంపు అట్టివారి పేరుననే వెలసినది. అక్కడే ఉండిపోయినవారిని 1982 చట్టము మూడు తరగతుల పౌరులుగా విడదీసినది.

మీ ఇండ్లలో పాత పెట్టెల అడుగున అటువంటి కార్డు గాని, ఓడ టిక్కెట్టు గాని, మేస్త్రీ చీటీ గాని ఉన్నచో పారవేయవద్దు. ఉగాదినాడు సంఘమునకు తెచ్చి చూపిన, నకలు వ్రాసికొని అసలును మీకే తిరిగి ఇచ్చెదము.